మళ్లీ రెండు వందల కిలోమీటర్లు: విరామం తర్వాత శరీరం ఒక్కసారిగా తిరిగి రాదు

ఏడెనిమిదేళ్లుగా బాల్కనీలో దుమ్ము పట్టిన సైకిల్‌ను కిందికి దించి, గాలి కొట్టి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్తే తొలి పది నిమిషాలు చాలా హాయిగా గడుస్తాయి. బ్యాలెన్స్ ఎక్కడికీ పోలేదు. మలుపులో ఎంత వంగాలో, గుంత కనబడితే సీటు మీంచి ఎప్పుడు లేవాలో, ఎత్తు వస్తుంటే గేరు ఎప్పుడు మార్చాలో కాళ్లకూ చేతులకూ అన్నీ గుర్తే. ఒకసారి పట్టుబడిన కదలికలను చిన్నమెదడు దశాబ్దాలపాటు దాచుకుంటుంది. సైకిల్ తొక్కడం వచ్చినవాళ్లు మరిచిపోరని అనేది అందుకే.

చిక్కు మొదలయ్యేది కూడా అక్కడే. తొక్కే ఒడుపు చెక్కుచెదరకుండా ఉండేసరికి దమ్ము కూడా అలాగే ఉందనిపిస్తుంది. మొదటి ఆదివారం ఇరవై కిలోమీటర్లు బాగా సాగితే, రెండో ఆదివారం అరవైకి బయల్దేరతారు. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ముప్పై కిలోమీటర్లు మిగిలి ఉండగా మోకాలి ముందు భాగంలో సన్నగా నొప్పి మొదలవుతుంది, లేదా సీటు మీద కూర్చోలేని పరిస్థితి వస్తుంది. ఇంటికి చేరాక వారం రోజులు సైకిల్ వైపు చూడబుద్ధి కాదు. ఆ వారం నెలవుతుంది. మళ్లీ మొదలుపెట్టి నెలన్నరకే ఆగిపోయినవాళ్లను కదిలిస్తే, కొద్ది తేడాలతో వినిపించేది ఇదే కథ.

దూరాల సైక్లింగ్‌కు కావలసిన బలం ఒకే చోట ఉండదు. గుండె, రక్తం, కండరాలు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు, చర్మం, నరాలు ఒక్కోటి ఒక్కో వేగంతో తగ్గుతాయి, ఒక్కో వేగంతో తిరిగి వస్తాయి. ముందుగా వచ్చేది దమ్ము. చివరగా వచ్చేవి కీళ్లూ, కూర్చునే చోటూ, అరచేతులూ. దమ్మును చూసి దూరం పెంచేవాళ్లు దెబ్బతింటారు. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేదాన్ని చూసి పెంచేవాళ్లు నిలదొక్కుకుంటారు.

ఏది పోతుంది, ఏది మిగులుతుంది

ఓర్పు క్రీడల్లో శరీర సామర్థ్యాన్ని కొలిచే ప్రధాన కొలత వీవో2 మ్యాక్స్. తీవ్రంగా శ్రమపడేటప్పుడు శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో అది చెబుతుంది. అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏళ్ల తరబడి శిక్షణ పొందిన ఏడుగురిని 84 రోజులపాటు శిక్షణ ఆపించి పరీక్షించారు. తొలి మూడు వారాల్లోనే వాళ్ల వీవో2 మ్యాక్స్ 7 శాతం పడిపోయింది. ఎనిమిది వారాలకు 16 శాతం తగ్గి, అక్కడ ఆగింది.

తొలి వారాల్లో అంత త్వరగా పడిపోవడానికి ముఖ్య కారణం రక్తం. శ్రమ అలవాటైన శరీరం రక్తంలోని ద్రవభాగాన్ని, అంటే ప్లాస్మాను, పెంచుకుని ఉంచుతుంది. దానివల్ల గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోయగలుగుతుంది. శ్రమ ఆగిన కొద్ది వారాలకే ఆ అదనపు ప్లాస్మా తగ్గిపోతుంది. అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. ఒకప్పుడు గంటకు 24 కిలోమీటర్ల వేగంతో కబుర్లు చెప్పుకుంటూ తొక్కినవాళ్లకు ఇప్పుడు 20కే ఆయాసం రావడం వెనుక ఉన్నది ఇది. దీన్ని ముసలితనం అనుకుని దిగులు పడనక్కర్లేదు. త్వరగా పోయిన ప్లాస్మా త్వరగానే తిరిగి వస్తుంది, రెండు మూడు వారాలు క్రమంగా తొక్కితే చాలు.

తర్వాతి వంతు కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాది. వాటి ఎంజైములు వారాల తరబడి తగ్గుతూ పోతాయి. అయితే కోయిల్ అధ్యయనంలో ఆశ పుట్టించే విషయాలు రెండున్నాయి. ఆ ఎంజైములు తగ్గినా, 84 రోజుల తర్వాత కూడా ఎప్పుడూ శిక్షణ లేనివాళ్ల కంటే దాదాపు 50 శాతం ఎక్కువగానే ఉన్నాయి. కండరాలకు రక్తం అందించే సన్నని నాళాల సాంద్రత అసలు తగ్గలేదు. మూడు నెలల విరామం గురించి తెలిసింది ఇది. ఎనిమిదేళ్ల విరామానికి ఇదే లెక్కను అతికించలేం. శరీరం తాను కట్టుకున్నదాన్నంతా ఒకే ఊపున కూల్చేయదని మాత్రం తెలుస్తోంది.

మరీ దీర్ఘమైన విరామం గురించి తెలుసుకోవాలంటే డల్లాస్ అధ్యయనం చూడాలి. 1966లో అక్కడ ఇరవై ఏళ్ల యువకులు ఐదుగురిని మూడు వారాలపాటు పూర్తిగా మంచం మీదే ఉంచారు. వాళ్ల వీవో2 మ్యాక్స్ పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, యాభై దాటిన అదే ఐదుగురిని మళ్లీ పిలిపించి పరీక్షించారు. ముప్పై ఏళ్లలో బరువు సగటున 77 కిలోల నుంచి దాదాపు 100 కిలోలకు పెరిగింది, ఒంట్లో కొవ్వు శాతం రెట్టింపయింది. అయినా వయసు పెరిగిన ఆ ముప్పై ఏళ్లు వాళ్ల సామర్థ్యాన్ని తగ్గించినదాని కంటే, ఇరవై ఏళ్లప్పుడు మూడు వారాలు మంచం మీద ఉండటం తగ్గించినదే ఎక్కువ. ఆ తర్వాత ఆరు నెలలపాటు నడక, జాగింగ్, సైక్లింగ్‌తో నెమ్మదిగా శిక్షణ ఇచ్చారు. ముప్పై ఏళ్లలో పోయిన వీవో2 మ్యాక్స్ వాళ్లకు పూర్తిగా తిరిగి వచ్చింది.

ఐదుగురితో చేసిన పరీక్షను అందరికీ వర్తించే సూత్రంగా తీసుకోకూడదు. అయినా నలభై అయిదేళ్ల మనిషి పాత సైకిల్ ముందు నిలబడి "ఇంక మనవల్ల ఏమవుతుంది" అనుకునేటప్పుడు గుర్తు తెచ్చుకోదగిన ఫలితం ఇది. అందులోని రెండో మాటను కూడా వదిలేయకూడదు: వాళ్లకు పట్టింది ఆరు నెలలు, ఆరు వారాలు కాదు.

కూర్చునే చోటు, అరచేతులు, మోకాళ్లు

దమ్ము కోల్పోయినవాళ్లు వేగం తగ్గించుకుని దూరం పూర్తిచేయగలరు. సీటు మీద కూర్చోలేనివాళ్లు ఎంత నెమ్మదిగా తొక్కినా పూర్తిచేయలేరు. దూరాల రైడ్లను మధ్యలో ఆపించేవాటిలో ఊపిరి కంటే ఈ చిన్నచిన్న నొప్పులే ఎక్కువ. వీటి గురించి మాట్లాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్పుకోవాలి.

సైకిల్ సీటు మీద బరువు మోయాల్సింది పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. క్రమంగా తొక్కేవాళ్లకు వాటి మీది చర్మం, కింది కణజాలం ఒత్తిడికి అలవాటు పడి ఉంటాయి. విరామంలో ఆ అలవాటు పూర్తిగా పోతుంది. తిరిగి రావాలంటే వారానికి మూడు నాలుగుసార్లు కొద్దిసేపు కూర్చోవడం కావాలి. వారానికోసారి నాలుగు గంటలు కూర్చుంటే పుండవుతుందే తప్ప అలవాటు కాదు. మెత్తగా ఉంటుందని లావుపాటి జెల్ సీటు కొనడం చాలామంది చేసే పొరపాటు. మెత్తని సీటులో ఎముకలు దిగబడి, బరువంతా మధ్యలోని మెత్తని భాగం మీద, అక్కడి నరాల మీద పడుతుంది. గంట తర్వాత తిమ్మిరి మొదలవుతుంది. తిమ్మిరి వచ్చిందంటే సీటు వెడల్పో, సీటు ముందు కొస వంపో సరిపోలేదన్నమాట, దాన్ని ఓర్చుకుంటూ తొక్కకూడదు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల మరో లోదుస్తు వేసుకుంటే కుట్లు ఒరుసుకుంటాయి. చెమటకు, ఒరిపిడికి చర్మం చిట్లకుండా షార్ట్స్ కింద నేరుగా ఒంటికి క్రీము గానీ, కనీసం కొబ్బరినూనె గానీ రాసుకునేవాళ్లు సాయంత్రానికి సుఖపడతారు. ఎనిమిదేళ్ల కిందటి షార్ట్స్‌లో ప్యాడ్ అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. కొత్తగా కొనాల్సినవాటిలో మొదటిది అదే.

చేతుల సంగతి మరీ మోసం. రైడ్‌లో పెద్దగా నొప్పి తెలియదు. మర్నాడు ఆఫీసుకు బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు ఉంగరం వేలు, చిటికెన వేలు మాట వినవు. తాళం చెవి తిప్పాలన్నా పట్టు చాలదు. అరచేతిలో చిటికెన వేలి వైపు నుంచి వెళ్లే అల్నార్ నరం హ్యాండిల్ మీద గంటల తరబడి నలగడం వల్ల వచ్చేది ఇది. సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది, లెక్కచేయకుండా అలాగే తొక్కుతూ పోతే నెలల తరబడి వదలదు. విరామం తర్వాత పొట్ట పెరిగి, నడుము బలం తగ్గి ఉంటుంది కాబట్టి ఒంటి పైభాగం బరువంతా చేతుల మీదే వాలుతుంది. గ్లవ్స్ కొంతే సాయం చేస్తాయి. హ్యాండిల్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి లేపించడం, పది నిమిషాలకోసారి పట్టు మార్చడం, మోచేతులు కొంచెం వంచి ఉంచడం అంతకంటే ఎక్కువ పనిచేస్తాయి. పాత రోజుల్లో వంగి తొక్కిన కొలతలే ఇప్పుడూ ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు.

మోకాళ్ల విషయంలో రెండు గుర్తులు దాదాపు ఎప్పుడూ పనికొస్తాయి. నొప్పి మోకాలి చిప్ప దగ్గర, ముందువైపు ఉంటే సీటు మరీ కిందికి ఉండొచ్చు, లేదా బరువైన గేరులో తొక్కుతూ ఉండొచ్చు. వెనకవైపు ఉంటే సీటు మరీ పైకి ఉండొచ్చు. మడమను పెడల్ మీద పెట్టి అడుగుకు తొక్కినప్పుడు కాలు నిటారుగా రావాలి. అలా వస్తే, పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కావలసినంత వంగుతుంది. ఇది ఇంట్లో గోడ పట్టుకుని అయిదు నిమిషాల్లో చూసుకోగల పని. టెండన్లకు రక్తం అందేది తక్కువ, అవి బలపడటానికి పట్టేది నెలలు. తొడ కండరం నాలుగు వారాల్లో పుంజుకుని బలంగా లాగుతుంటుంది, దాన్ని మోసే టెండన్ మాత్రం ఇంకా పాత స్థితిలోనే ఉంటుంది. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా మరీ జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. ఒంట్లో హుషారు బాగా పెరిగి, కీళ్లు ఇంకా సిద్ధం కాని రోజులవి.

వందేళ్లు దాటాక వేగం పెంచిన మనిషి

తిరిగి రావడం గురించి మాట్లాడేటప్పుడు ఫ్రాన్స్‌కు చెందిన రొబేర్ మార్షాన్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 1911లో పుట్టిన ఆయన కుర్రతనంలో సైకిల్ పోటీల్లో పాల్గొని, తర్వాత దాన్ని వదిలేశాడు. బతుకుతెరువు కోసం వెనెజువెలా, కెనడా దాకా వెళ్లి, లారీ నడపడం నుంచి చెట్లు కొట్టడం దాకా రకరకాల పనులు చేశాడు. మళ్లీ పట్టుగా సైకిల్ ఎక్కింది 67 ఏళ్ల ప్రాంతంలో. మధ్యలో పోయినవి దశాబ్దాలు. 1992లో పారిస్ నుంచి మాస్కోకు సైకిల్ మీద వెళ్లాడు. 2012లో, నూరేళ్లు నిండాక, వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల ట్రాక్ మీద, ఒక గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కి తన వయోవర్గంలో రికార్డు పెట్టాడు. రెండేళ్ల తర్వాత, 102 ఏళ్ల వయసులో, గంటలోనే 26.927 కిలోమీటర్లు వెళ్లాడు. 105 ఏళ్ల వయసులో 2017 జనవరిలో గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడు. 2021లో, 109 ఏళ్లకు, కన్నుమూశాడు.

నూరేళ్లు దాటాక వేగం ఎలా పెరిగిందో వెరొనీక్ బియా అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త బృందం పరీక్షించి, ఫలితాలను 2017లో ప్రచురించింది. ఆ రెండేళ్లలో మార్షాన్ ఏడాదికి 5,000 కిలోమీటర్ల చొప్పున తొక్కాడు. అందులో 80 శాతం తేలికపాటి శ్రమ, 20 శాతం మాత్రమే గట్టి శ్రమ. వీవో2 మ్యాక్స్ కిలో బరువుకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కు, అంటే 13 శాతం పెరిగింది. గరిష్ఠ శక్తి 90 వాట్ల నుంచి 125 వాట్లకు చేరింది. ఇంత పెరిగినా కండర పరిమాణంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పెరిగిందల్లా ప్రధానంగా పెడల్ తిప్పే వేగం, నిమిషానికి 69 చుట్ల నుంచి 90కి.

ఈ ఫలితం విరామం తర్వాత వచ్చేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. బరువైన గేరులో బలంగా నొక్కడం కంటే తేలికైన గేరులో వేగంగా తిప్పడం మోకాళ్లకు మంచిది, దమ్మును పెంచేదీ అదే. నిమిషానికి 80 నుంచి 90 చుట్లు అలవాటు చేసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. పదిహేను సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే సరి.

80, 20 లెక్క వినడానికి సులువు, పాటించడం చాలా కష్టం. తేలికగా తొక్కడమంటే పక్కన తొక్కేవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మది. పాత వేగాలన్నీ ఫోన్‌లోని యాప్‌లో నిక్షేపంలా ఉంటాయి. అదే ఫ్లైఓవర్ ఎనిమిదేళ్ల కిందట ఎంతసేపట్లో ఎక్కారో యాప్ గుర్తుచేస్తూనే ఉంటుంది. అప్పటి తోటి రైడర్లు వాట్సాప్ గ్రూపులో ముందుకు వెళ్లిపోయి ఉంటారు. వాళ్ల ఆదివారం రైడ్‌లో చేరి, వెనకబడకూడదన్న టెన్షన్‌తో రెండు గంటలు గుండె దడదడలాడించుకోవడం కంటే, మొదటి రెండు మూడు నెలలు ఒంటరిగా గానీ కొత్తవాళ్లతో గానీ తొక్కడమే మేలు. పాత రికార్డులను ఆ యాప్‌లో కనబడకుండా పెట్టుకున్నా తప్పులేదు.

పదమూడున్నర గంటల లెక్క

దూరాల సైక్లింగ్‌కు మళ్లీ రావాలనుకునేవాళ్లకు బ్రెవేలు, అంటే నిర్ణీత దూరాన్ని గడువులోపు పూర్తిచేసే రైడ్లు, మంచి గమ్యం. 1904లో పుట్టిన పారిస్ క్లబ్ ఆడాక్స్ క్లబ్ పారిజియెన్ నిబంధనల ప్రకారం ప్రపంచమంతటా ఇవి జరుగుతాయి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండొనర్స్ వీటిని చూసుకుంటుంది, హైదరాబాద్‌లోనూ ఇందుకోసం క్లబ్ ఉంది. గడువు 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తిచేసినవాళ్లను సూపర్ రాండొనర్ అంటారు. నాలుగేళ్లకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు వెళ్లాలంటే ఆ ఏడాది ఈ నాలుగు దూరాలూ దాటాలి. ఇది రేసు కాదు. ముందొచ్చినవాళ్లకూ చివరి నిమిషంలో వచ్చినవాళ్లకూ దక్కేది ఒకటే గుర్తింపు. విరామం తర్వాత వచ్చేవాళ్లకు ఇంతకంటే అనువైన పద్ధతి లేదు.

లెక్క వేసి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. చక్రం తిరుగుతున్నంతసేపు గంటకు 20 కిలోమీటర్లు వెళ్తే 200 కిలోమీటర్లకు 10 గంటలు. ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. 18తో వెళ్తే 11 గంటల పైచిలుకు, అప్పుడు కూడా రెండు గంటల ఇరవై నిమిషాలకు పైగా ఉంటుంది. 18 కిలోమీటర్ల వేగం గట్టి శ్రమేమీ కాదు. గడువు దాటిపోయేవాళ్లను ముంచేది సాధారణంగా వేగం కాదు, ఆగడాలు. దారిలో హాజరు నమోదు చేసుకునే కంట్రోల్ పాయింటు దగ్గర టీ కోసం ఆగి, ఫొటోలు తీసుకుని, ఫోన్ చూసి, టిఫిన్‌కు ఆర్డరిచ్చి కూర్చుంటే నలభై నిమిషాలు ఇట్టే పోతాయి. అలాంటివి నాలుగైతే మిగిలిన సమయమంతా కరిగిపోతుంది. ఆ తర్వాత ఎండలో పరుగెత్తక తప్పదు. ప్రాక్టీసు రైడ్లలోనే ఆగే సమయాన్ని గడియారంతో కొలుచుకోవడం వేగం పెంచుకోవడం కంటే సులువు, లాభమూ ఎక్కువ.

అంతదాకా చేరడానికి తొందర లేని మార్గం నాలుగు నుంచి ఆరు నెలలు. వారం మధ్యలో రెండు మూడు రోజులు 40 నిమిషాల నుంచి గంట, వారాంతంలో ఒక పొడవాటి రైడ్. ఆ పొడవాటిది 25 కిలోమీటర్లతో మొదలై వారానికి ఐదో పదో పెరుగుతూ వెళ్లాలి. మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించాలి, కీళ్లు ఊపిరి పీల్చుకునేది ఆ వారంలోనే. 120, 130 కిలోమీటర్లు తొక్కాక మర్నాడు మామూలుగా పనిచేసుకోగలిగిన స్థితికి వచ్చినవాళ్లు 200ను ధైర్యంగా ఎత్తుకోవచ్చు. ముందుగా 200 పూర్తిగా తొక్కి చూసుకోవాల్సిన పనిలేదు. హైదరాబాద్‌వాళ్లకు తొలి నెలల్లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ మంచి చోటు. లారీల భయం లేకుండా కాళ్ల మీద, ఊపిరి మీద దృష్టి పెట్టొచ్చు. విశాఖవాళ్లకు భీమిలి బీచ్ రోడ్డు ఉంది, తెల్లవారకముందే బయల్దేరితే. అనంతగిరి లాంటి ఘాట్లను మూడో నెల దాకా ఆపుకోవడం మంచిది.

ఎండ, ఉప్పు, అన్నం

చల్లని దేశాల్లో రాసిన శిక్షణ పట్టికలను ఇక్కడ దించుకుంటే ఎండ దగ్గర బెడిసికొడతాయి. ఏప్రిల్, మే నెలల్లో తెలుగు నేల మీద 40 డిగ్రీలు మామూలు. ఎండకు శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది. ఏసీ గదిలో ఏళ్లు గడిపి వచ్చినవాళ్లకు అది దాదాపు సున్నా. అక్టోబరులో మొదలుపెట్టి ఫిబ్రవరిలోపు తొలి 200 పూర్తిచేసేలా చూసుకుంటే వాతావరణం తోడుగా ఉంటుంది. వేసవిలో మొదలుపెట్టక తప్పనివాళ్లు ఉదయం ఎనిమిదింటికి ఇంట్లో ఉండేలా రైడ్ కుదించుకోవాలి.

ఎండలో గంటకు లీటరు చెమట పోవడం పెద్ద విషయం కాదు. చెమటతో నీళ్లతోపాటు సోడియం పోతుంది. అది తెలియక ఆరేడు గంటలపాటు వట్టి నీళ్లే అదేపనిగా తాగేవాళ్లు ఉన్నారు. అలా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక వస్తాయి, ముదిరితే ప్రాణాపాయం. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, ఓఆర్ఎస్ మన దగ్గర ప్రతి ఊళ్లో దొరికేవే. ఓఆర్ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనాలి. ఆ ఫార్ములా కాని తియ్యటి పానీయాలు కూడా ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడుపోతుంటే, హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకుండా ఆదేశాలిచ్చింది. షుగర్ ఉన్న రైడర్లకు ఈ తేడా ఇంకా ముఖ్యం.

తిండి లెక్క గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది, పల్లీపట్టి ఒక ముక్క తోడైతే గంటకు సరిపోతుంది. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం గట్టి శ్రమకు రెండు గంటల పాటు వస్తుంది. అలవాటు తప్పిన శరీరంలో ఆ నిల్వ కూడా తక్కువే, పైగా కొవ్వును మండించే నేర్పూ తగ్గి ఉంటుంది. అందుకే పాతరోజుల్లో టీ తాగి 70 కిలోమీటర్లు వెళ్లినవాళ్లకు ఇప్పుడు 40 దగ్గరే కళ్లు తిరుగుతాయి. ఆకలి వేయకముందే, బయల్దేరిన 45 నిమిషాల నుంచే కొద్దికొద్దిగా తినాలి. దారిలో ఇడ్లీ మంచి నేస్తం, నూనె తక్కువ, తేలిగ్గా అరుగుతుంది. పులిహోర పొట్లం మధ్యాహ్నం దాకా పాడవదు, ఉప్పూ ఉంటుంది. పూరీ, మసాలా దోశ తిని ఎండలో ఎక్కితే కడుపు తిప్పుతుంది.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లున్న కుటుంబాలవాళ్లు ముందుగా డాక్టర్‌కు చూపించుకుని మొదలుపెట్టాలి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లకు పొడవాటి రైడ్‌లో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, ఆ రోజు డోసు గురించి డాక్టర్‌నే అడగాలి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం వస్తే రైడ్ అక్కడితో ఆపేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

సైకిల్‌ను కూడా ఒకసారి పూర్తిగా విప్పించి చూడటం తప్పదు. వాడకుండా పడి ఉన్న ఏళ్లలో టైరు పక్కలు సన్నగా పగుళ్లిస్తాయి, బ్రేకు రబ్బర్లు గట్టిపడి జారతాయి, కేబుళ్లు తుప్పు పడతాయి, ట్యూబులెస్ టైర్లలో పంక్చర్లను మూసే ద్రవం ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. చైన్ సాగిందో లేదో కొలిచే చిన్న గేజు ఏ మంచి సైకిల్ షాపులోనైనా ఉంటుంది. సాగిన చైన్‌తోనే తొక్కితే అది వెనక గేర్ల పళ్లను అరగదీస్తుంది, ఖర్చు బాగా పెరుగుతుంది. హెల్మెట్‌ను మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చమని తయారీదారులే చెబుతారు. టైర్ల విషయంలో మాత్రం మధ్యలో లోకం మారింది. అప్పట్లో 23 మిల్లీమీటర్ల సన్నటి టైర్లను రాయిలా గాలి కొట్టి తొక్కేవాళ్లు. ఇప్పుడు 28, 32 మిల్లీమీటర్లవి తక్కువ గాలితో వాడుతున్నారు. మన రోడ్ల మీద వాటివల్ల వేగం తగ్గదు, అరచేతులకూ కూర్చునే చోటుకూ అదురు బాగా తగ్గుతుంది. పాత ఫ్రేములో అవి పడతాయో లేదో కొలిపించి చూసుకుంటే, కొత్త సైకిల్ కొనకుండానే సగం సుఖం దక్కుతుంది.

ఇంకొక ప్రశ్న మిగిలింది, చాలామంది అడక్కుండా వదిలేసేది. అసలు ఎందుకు ఆగిపోయింది? మోకాలి దెబ్బ వల్ల ఆగితే, ఆ దెబ్బకు కారణమైన సీటు ఎత్తో గేరో అలాగే ఉంటే అదే దెబ్బ మళ్లీ తగులుతుంది. పిల్లల చదువుల వల్ల, ఆఫీసు షిఫ్టుల వల్ల ఆగితే, ఆదివారం పొద్దున ఆరు గంటలు ఇంట్లో లేకపోవడం గురించి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. మొత్తం భారం ఒకరి మీదే వేసి వెళ్లిపోయే రైడ్లు ఎక్కువ నెలలు సాగవు. రోడ్డు మీద ప్రమాదం చూసి భయంతో మానేసినవాళ్లు ఉన్నారు. ఆ భయం న్యాయమైనదే, దాన్ని ధైర్యంతో కాకుండా ఏర్పాట్లతో ఎదుర్కోవాలి: పగలు కూడా వెలిగే వెనక లైటు, మెరిసే జాకెట్, ఇద్దరు ముగ్గురి తోడు, లారీల రద్దీ లేని దారి.

ఆదివారం రైడ్ ఎలా జరిగిందో ఆదివారం సాయంత్రం తెలియదు, ఆ హుషారులో అన్నీ బాగానే అనిపిస్తాయి. సోమవారం పొద్దున తెలుస్తుంది. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు పట్టేయకుండా, చొక్కా గుండీలు వేళ్లకు లొంగి, కుర్చీలో మామూలుగా కూర్చోగలిగితే వచ్చే వారానికి పది కిలోమీటర్లు కలుపుకోవచ్చు. ఆ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా వచ్చే వారం కూడా అదే దూరం.